ఉప్పు చూడని వంట

నామ్ థా ఒడ్డున మూడో వాన.
నాకు ఏడో నెల.
ఫెర్న్ చిగుళ్ల మీదికి పోయింది మనసు,
ముసలి వేళ్లలా వంకీ తిరిగిన ఆ పచ్చదనం మీదికి.

మా ఖ్మూలలో ఇంటికో వంశం.
పుట్టింది ధనేశ పక్షి ఇంట,
మెట్టింది ఫెర్న్ ఇంట.
ఎప్పుడో ఓ తాతను పులి తరుముకొస్తే
ఫెర్న్ పొద దాచిందట.
అప్పటినుంచి ఇక్కడ దాన్ని తినరు, తుంచరు,
పొరపాటున తొక్కితే తప్పయిందంటారు.

నోరు తెరిచి అడగలేదు నేను.
అత్తకెలా తెలిసిందో,
పొరుగింటి ఇన్‌తోంగ్ తుంచి తెచ్చిన మోపును
గడప దాటనివ్వకుండా
ఏటి గట్టుకు నడిపించింది, నన్నూ దాన్నీ.

పచ్చి వెదురు బొంగు కోసింది.
చిగుళ్లను పుల్లలతోనే పట్టి దించింది,
ఎండుమిరప, నాలుగు చేపపిల్లలు,
నమిలి ఉమ్మేసే సఖాన్ చెక్క ఒక ముక్క.
అరిటాకు బిరడా.
నిద్రలో పిల్లను ఒత్తిగిలించినట్టు
నిప్పు మీద బొంగును తిప్పుతూ కూర్చుంది.

"ఉప్పు చూడవా?"
"ముప్పై ఏళ్లయింది చూసి.
మా పుట్టింట్లో ఇది రోజూ కూరే."
బొంగు వైపు చెవి ఒగ్గింది.
"గొంతు మారింది. అయింది."

ఉప్పు ఎక్కువే. చెప్పలేదు.
జిగట అన్నం ముద్ద అద్దుకుని తింటుంటే
నా నోటివైపే చూస్తూ
ఒక్కసారి గుటక వేసింది.

అప్పుడు తన్నాడు లోపలివాడు.
బెదిరిపోయాను:
"వీడిది ఈ వంశమే కదా అత్తా?"

కాలిన బొంగు పీలికల్ని ఏట్లోకి విసురుతూ అంది:
"పేరు పెట్టేదాకా వాడు ఎవరివాడూ కాదు.
తిననీ."