రేపు మిషనొస్తుంది

రేపు మిషనొస్తుంది.
ఈవేళ చీపురూ, బకెట్టూ, నేనూ.

పాతపట్నం నుంచి పర్లాకిమిడికి
తవిటినాయుడి ఆటోలో పావుగంట.
మధ్యలో మహేంద్రతనయ. ఎండాకాలం కదా,
గట్టున ఆరేసిన చీరంత వెడల్పు.
"ఈ పాటి దూరానికి ఇల్లు మారడమేటే" అంది మా వదిన.
దూరం కాదు వదినా,
నీ వసారాలో నా మిషను చప్పుడు మొదలవగానే
నువ్వు టీవీ సౌండు పెంచుతావు, అంతే.
అనలేదు. చీరలు మడత పెట్టుకున్నాను.

ఇంటామె పేరు కుమోదినీ పాఢి.
తెలుగు బాగానే వచ్చు,
కోపం మాత్రం ఒడియాలోనే.
"ఒక్కదానివేనా?"
ఒక్కదాన్నే.
"మొగుడు?"
లేడంటే పోయాడనుకుంటారు,
ఉన్నాడంటే ఎక్కడని అడుగుతారు.
"పలాసలో" అన్నాను.
ఊరి పేరు చెబితే సగం మంది ఊరుకుంటారు.
ఆమె మిగతా సగంలో మనిషి.
ఎందుకో మరి, ఊరుకుంది.

రెండు నెలల అడ్వాన్సు. కరెంటు వేరు.
గురువారం నీచు వండకూడదు,
మార్గశిరంలో అయితే ఎండుచేప మాటే ఎత్తకూడదు.
రాత్రి తొమ్మిది దాటితే మిషను తొక్కకూడదు.
"పెళ్ళిళ్ళప్పుడు పది" అన్నాను.
తొమ్మిదిన్నరకి తెగింది.

అగ్రిమెంటు ఒడియాలో.
మా అక్షరాలు తలకట్టు కట్టుకుంటాయి,
వీళ్ళవి గొడుగులేసుకున్నాయి,
వానలో బడికెళ్ళే పిల్లల్లాగా
వరసగా, మొహాలు కనబడకుండా.
ఏ గొడుగు కింద నా పేరుందో
ఆమె గోటితో చూపించింది.
అడుగున తెలుగులో సంతకం పెట్టాను:
బి. చామంతి.

తాళంచెవి ఇప్పుడు నా కొంగున ఉంది.
ముందుగదికి తూర్పు కిటికీ. దానికోసమే ఈ ఇల్లు.
నల్లగుడ్డ మీద నల్లదారం నడిపేదానికి
వెలుగును మించిన కళ్ళజోడు లేదు.
మిషను కాళ్ళు వచ్చేచోట నాలుగు ఇటుకముక్కలు పెట్టి
బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని
ఉత్తగాలినే కాసేపు తొక్కి చూశాను.
నా చేతి నీడ కుట్టు మీద పడదు.
చాలు.

ముందున్నవాళ్ళు మేకులు బాగా కొట్టారు.
ఏ మేకు దేవుడిదో, ఏ మేకు క్యాలెండరుదో.
వంటగట్టు మీద నూనెడబ్బా గుండ్రం
ఎంత తోమినా పోలేదు.
ఉండనీ, నా డబ్బా కూడా అక్కడే పెడతాను.
గడప మీద బియ్యప్పిండి లక్ష్మీపాదాలు,
వెలిసిపోయాయి.
మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయారు గానీ
అవింకా లోపలికే వస్తున్నాయి.
వాటిని వదిలి చుట్టూ కడిగాను.

వెనకగది తలుపుచెక్క మీద
పెన్సిలు గీతలు, ఆరో ఏడో.
ప్రతి గీత పక్కనా అవే రెండు గొడుగులు.
కుమోదినీ పాఢి కళ్ళజోడు పైకి నెట్టి చదివింది:
"ఝునూ."
"వాళ్ళ నాన్నకి కొరాపుట్ బదిలీ అయింది.
ఆదివారం రంగేయించేస్తాన్లే."
ఆ చెక్కకి వద్దండి, అన్నాను.
"ఎందుకు?"
చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఆమె వెళ్ళాక మెళ్ళో టేపు తీశాను.
ఇల్లు కడగడానికి టేపేమిటని అడక్కండి,
మెళ్ళో ఏదో ఒకటి లేకపోతే నాకు తోచదు.
నేల నుంచి పై గీత దాకా
నలభై ఒకటిన్నర.
అంటే గౌను పొడవు ఇరవై రెండు,
భుజం తొమ్మిదింపావు, ఛాతీ ఇరవై రెండు,
బొద్దుపిల్లయితే ఇంకో అంగుళం.
అంచున రెండంగుళాలు లోపలికి మడిచి వదలాలి,
ఎదిగే పిల్ల.

కొత్త కొలతల పుస్తకం సంచిలోనే ఉంది.
మొదటి పేజీకి పసుపు రాసి, శ్రీ చుట్టి,
ఆ శ్రీ కింద
ఈ ఊళ్ళో నా మొదటి కొలత రాసుకున్నాను.
డెలివరీ తేదీ దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.

పెరట్లోంచి ఏదో కేక, ఒడియాలో.
అయితే కోపమే.
కొళాయి కట్టడం మరిచిపోయినట్టున్నాను.