చీమూ నెత్తురూ

నా పేపర్ మీద గైడు పేరు ముందుకెక్కిన రోజు
“చీమూ నెత్తురూ లేవటే నీకు?” అంది మేనత్త.
నాకున్నవి ఆ రెండే, అత్తా.
తరమణి ల్యాబులో ఇరవై ఆరేళ్లు.

పొద్దున్నే వాచ్‌మన్ ఏళుమలై చెయ్యి చాపేవాడు:
పది మిల్లీలీటర్లు, బదులుగా ఫిల్టర్ కాఫీ.
తెల్లకణం రేపటిదాకా ఆగదు.
కరెంటు పోతే ఆనాటి నెత్తురంతా బ్లీచింగు పాలు.

మైక్రోస్కోపు కింద అది
గాయం వాసన పట్టి పాకుతూ పోయి
తన కడుపులోని పోగుల్నే వలగా విసిరి
ఆ వలలోనే చచ్చేది.
చీము అంటే ఆ శవాలే.

వాపెలా మొదలవుతుందో చాలామంది రాశారు.
ఎలా సద్దుమణుగుతుందో నేనడిగాను.
సగం తెలిసింది.

నిన్న రిటైరయ్యాను.
ఏళుమలై మోచేతి మడతలో సూదిమచ్చ తడుముకుంటూ
“రేపట్నించి కాఫీ ఎవరు పోస్తారు మేడమ్?” అన్నాడు.