చీటీ లేని సీసా

కేప్‌టౌన్ శివార్లలో, ఖయెలిత్షాలో
ఆసుపత్రి గేటు పక్క గదిలో రాత్రి డ్యూటీ నాది.
మందులివ్వను, సూదులెయ్యను.
వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాను.

మంగళవారం తెల్లవారుజామున
నోమలీజో పరుగెత్తుకొచ్చింది, ఒక కాలికే చెప్పుంది.
భుజాన నాలుగేళ్ళ లుఖాన్యో.
నోటి వెంట నురగ, చెమటకు ఒంటికంటిన చొక్కా,
కంటిపాపలు ఆవగింజలంత.
డాక్టర్ ఫోర్టయిన్ టార్చి వేసి చూసి
పేరైనా అడక్కుండా అట్రోపిన్ అన్నాడు.

నాకు మాత్రం పేర్లు కావాలి.
బిడ్డ పేరు రాశాను. వీధి పేరు రాశాను.
‘విషం పేరు’ దగ్గర పెన్ను ఆగింది.
జాకెట్ జేబులోంచి ఆమె సీసా తీసింది.
నారింజపండు బొమ్మ ఇంకా చెరగని రసం సీసా,
అడుగున నల్లగా రెండు గుక్కలు.
ద్రాక్షతోటల్లో చల్లే మందని ఒకరు, కాదని ఒకరు.
రైల్వేస్టేషన్ మెట్ల మీద అమ్ముతారు,
రొట్టె కన్నా చవక.
అమ్మే ముసలాయన చేతులు వణకడం
నేనూ చూశాను. వయసనుకున్నాను.

‘తెలియదు’ అని రాశాను.
ఈ నెలలో ఆ మాట రాయడం తొమ్మిదోసారి.

‘కారణం’ అనే గడి వేలెడంత.
‘పొరపాటున తాగాడు’ అందులో సరిగ్గా సరిపోతుంది.
పదకొండు వారాలుగా రాని చెత్తబండి పట్టదు.
రేకుగోడ కింద తొలిచిన బొరియలు పట్టవు.
నిద్రలో ఎలుక కొరికిన
వాడి చెల్లి చెవి పట్టదు.
తోటకని పుట్టిన మందు
ఎన్ని చేతులు మారి రసం సీసాలోకి దిగిందో
ఎక్కడ రాయను?
కాగితం తిరగేశాను. వెనకంతా ఖాళీ.
వెనక రాసింది ఎవరూ చదవరు.
అయినా రాశాను, చెత్తబండి అని.

శుక్రవారానికి వాడు లేచి కూర్చున్నాడు.
జావ తాగి, చాలక గిన్నె గోకాడు.
నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.
ఈ నెలలో అలాంటి నవ్వులు లెక్కపెట్టడానికి
ఒక చేతి వేళ్ళు చాలు.

సంతకం పెట్టాక కూడా నోమలీజో కదల్లేదు.
గొంతు తగ్గించి అడిగింది:
“అక్కా, ఆ సీసా ఇస్తావా?
కొంచెం మిగిలుంది కదా.
ఎలుకలు పోలేదు.”

తిట్టబోయాను.
తిట్టు పళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది.
పారేశామన్నాను.
నా వెనక బీరువాలో, తాళం లోపల,
తొమ్మిది సీసాలున్నాయి.

పొద్దున ఇంటికెళ్ళి
బూట్లయినా విప్పకుండా
సింకు కింద వంగి చూశాను.
బ్లీచి డబ్బా వెనక,
మా అమ్మ ఎప్పుడూ దాచే చోటే,
పచ్చ మూత.