పదకొండో నిబంధన

వాల్పరైసో కొండల మీద
జీతం లేకుండా మంటలార్పేవాళ్ళం మేము.
రొట్టెల కొట్టు, బడి, ఓడరేవు, పగలు ఎక్కడి వాళ్ళం అక్కడ.
సైరన్ కూస్తే అందరిదీ ఒకే చొక్కా.

చొక్కా ఒకటే గానీ తాళాలు ఒక్కడివే.
ఇరవై రెండేళ్ళుగా నోల్బెర్తో నడుముకి వేలాడుతూ
ఇంజను షెడ్డూ పంపు గదీ డబ్బుపెట్టే
గలగలమంటూ కొండ దిగేవి, ఎక్కేవి.
చెడ్డవాడు కాదు.
ఆ మాట అనుకున్న ప్రతిసారీ
ఇంకో ఏడాది గడిచింది.

ఫిబ్రవరిలో యూకలిప్టస్ తోపు అంటుకున్న రాత్రి
ఆయన కొండ అవతల, కూతురి పెళ్ళిలో.
తాళం ముందు పదిహేడు మందిమి నిలబడ్డాం,
హెల్మెట్లు పెట్టుకుని, చుట్టపు చూపుగా వచ్చినట్టు.
చేతిలో గొడ్డళ్ళున్నాయి.
తలుపు మనదే కదా అని ఒక్కరికీ తోచలేదు.
నలభై నిమిషాలు.
మూడిళ్ళు, ఒక కుట్టుమిషను,
దాన్ని బయటికి ఈడ్చిన దోన్యా ఎర్మెలిందా అరచేతులు.

అందుకే ఈ సమావేశం.
పైన ఆరేసిన గొట్టాల నుంచి మెడమీద చుక్కలు పడుతుండగా
నేను రాసి తెచ్చిన నిబంధనలు నేనే చదివాను.
తాళాలు గోడ పెట్టెలో ఉండాలి, దాని నంబరు అందరికీ తెలియాలి.
లెక్కలు నెలనెలా బిగ్గరగా చదవాలి.
పదకొండోది చదివేటప్పుడు గొంతు సవరించుకున్నాను:
ఏ బాధ్యతా ఒకరి చేతిలో ఆరేళ్ళు మించి ఉండకూడదు.

నోల్బెర్తో లేచాడు. అరుస్తాడనుకున్నాం.
"వచ్చిన కొత్తలో పంపు కొనడానికి నా పడవ అమ్మాను.
అది కూడా రాసుకో."
రాసుకున్నాను.

చేతులు లేచాయి. పంతొమ్మిది, పద్దెనిమిది.
గెలుపు ఇంత బక్కగా ఉంటుందని తెలీదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఎలియసేర్,
మీసం ఇంకా సరిగా రానివాడు,
"మరి ఆ పుస్తకం, యాస్నా?" అన్నాడు.

ఏ పుస్తకం?
నా ఒళ్ళో ఉంది. పద్నాలుగేళ్ళుగా నా ఒళ్ళోనే ఉంది.
ఎవరేమన్నారో, ఏది అననట్టో
నా కలమే తేల్చింది.
విసుగేసిన రోజు గంట జగడం
"చర్చ జరిగినది" అయింది.
నాకు గిట్టని మాట సగం వాక్యమై ఆగింది.
నా నడుముకి గలగల లేదు గనక
నాకూ వినబడలేదు.

గదంతా నవ్వింది. నోల్బెర్తో నవ్వలేదు.
బెల్టు నుంచి ఒక్కో తాళంచెవీ తీస్తున్నాడు.
కాలి మొద్దుబారిన వేళ్ళు, ఆలస్యమవుతోంది.
ఎవరూ సాయం వెళ్ళలేదు.

నేను కలం మూత పెట్టి, మళ్ళీ తీశాను.
ఈ ఒక్క వాక్యం ముగించి ఇస్తానన్నాను.
"పర్లేదు, అక్కణ్ణుంచే రాస్తాను," అన్నాడు కుర్రాడు.

ఈ నెల మినిట్స్ గోడకి అంటించారు.
పొడవైన వాక్యాలు, ఎవరి మాట వాళ్ళ పేరుతోనే.
నా పేరు మాత్రం తప్పు రాశాడు.
జేబులో చెయ్యి పెడితే ఎర్ర పెన్సిలు తగిలింది.
కాసేపు అలాగే నిలబడ్డాను.

తరవాత పంపు కడగడానికి వెళ్ళాను.
ఈ వారం వంతు నాది.