ఉప్పు తిన్న ఇంజను

శనివారం పోటు తగ్గాక
బరానికో మామయ్య ఇంజన్ని భుజాన వేసుకొస్తాడు
పెళ్ళింట్లో నిద్రపోయిన పిల్లను మోసుకొచ్చినట్టు.

పదిహేను గుర్రాల బలమట దానికి.
అబయాంగ్ దీవిలో పుట్టి పెరిగి
నేనింతవరకూ గుర్రాన్నే చూడలేదు,
అందుకే నమ్మేశాను.

సగానికి కోసిన డ్రమ్ము. అందులోకి నీళ్ళు.
గొడవ ఇక్కడే.
వాన పడి నాలుగు నెలలు.
బావినీళ్ళు నాలుక్కి ఉప్పగా తగులుతున్నాయి.
ట్యాంకులో కర్ర ముంచితే తడి జానెడు.
అమ్మమ్మ నెయ్ రొటియా మగ్గులు లెక్కపెట్టి పోస్తుంది:
తాగడానికి మనిషికి రెండు,
వంటకి ఇంటికంతా మూడు,
ఒంటికి — సముద్రం ఉందిగా.
"పసిదానికి లేని నీళ్ళు ఆ ఇనుముకా?"
మామయ్య బదులు చెప్పడు.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి, అంతే.

రెండు బకెట్లు బావివి. చివరిది మాత్రం ట్యాంకుది.
తాడు లాగితే మూడోసారికి అందుకుంటుంది.
పక్కనున్న చిన్న బెజ్జంలోంచి సన్నటి ధార.
"ఉచ్చ పోస్తోంది!" పిల్లలు పడీపడీ నవ్వుతారు.
ఆ ధార ఆగిందంటే నవ్వు మాని
గాలపు నైలాను దారంతో బెజ్జం పొడవాలని
నాలుగేళ్ళవాడికి కూడా తెలుసు.

ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టి
"చదువు" అంటాడు.
బళ్ళో ఇంగ్లీషు రాదు నాకు, ఇది వచ్చు.
బెల్లం రంగు: కులాసా.
నల్లగా జిడ్డుగా ఉంటే కక్కుర్తిపడి తాగింది.
సున్నంలా తెల్లబడితే పస్తులుండి పరిగెత్తింది.
గరుకుకాగితంతో రెండు రుద్దులు,
చేపల డబ్బా రేకు నాలుగు మడతలు దూరేంత సందు.

నూనె కొలిచేది పసిదాని పాత పాలసీసాతో.
ఐదు లీటర్లకి వంద గీత.
ఆ గీత అరిగిపోయింది, గోటితో తడిమి పట్టుకుంటాను.
తక్కువైతే పిస్టను పట్టేస్తుంది.
ఎక్కువైతే ప్లగ్గు మసిబారి
నడిసముద్రంలో చచ్చి ఊరుకుంటుంది.

మామయ్యకి ఎక్కువైంది ఒక్కసారే.
చర్చి కుర్చీలు పన్నెండు వేసుకుని పక్క దీవికి బయల్దేరాడు.
పద్దెనిమిది రోజులు.
ఏం తిన్నావంటే "చేప",
ఏం చూశావంటే "నీళ్ళు",
కుర్చీలేమయ్యాయంటే మాత్రం లేచి వెళ్ళిపోతాడు.
అప్పట్నుంచీ ప్లాస్టిక్ కవరులో చుట్టిన కొత్త ప్లగ్గొకటి
మెడలో తాయెత్తులా వేలాడుతుంది.
స్నానానికీ తియ్యడు, ప్రార్థనకీ తియ్యడు.

ఆఖర్న పెట్రోలు పైపు లాగేస్తాడు.
కార్బురేటరులో మిగిలిన చుక్క కాలేదాకా
ఇంజను తిరుగుతుంది, తడబడుతుంది,
దగ్గి, ఇంకోసారి దగ్గి,
ఆగుతుంది.
ఆ ఆగేచోట
మామయ్య కళ్ళు మూసుకుంటాడు, ప్రతిసారీ.
మేం మాట్లాడం.

ఈ శనివారం ట్యాంకులో కర్ర తడవలేదు.
ఖాళీ బకెట్టు పట్టుకుని అడగలేక నిలబడ్డాడు.
అమ్మమ్మ చాప మీంచి లేచింది,
తన వంతు రెండు మగ్గులూ తెచ్చి
నిలువునా పోసింది ఇంజను నెత్తిన,
మాడు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళలో పడకుండా.
"తాగు" అంది దాంతోనే, తిడుతున్నట్టు.
మామయ్య వైపు చూడలేదు.

నేను ప్లగ్గు చేత్తో బిగించాను,
ఆపైన పానాతో పావు చుట్టు.
"చాలు, ఇంక తిప్పకు" అన్నాడు మామయ్య,
"మళ్ళీ శనివారం విప్పుకోవద్దూ?"