మూడో వంతు

లీమా నగరం అయిపోయాక కూడా లీమా ఉంటుంది,
కొండ మీద.
పసుపు రంగు వేసిన మెట్లు మూడు వందల పన్నెండు.
లెక్కపెట్టింది నేను కాదు,
నీళ్ళు మోసే ఆడవాళ్ళ మోకాళ్ళు.

జూలై. ఇక్కడ చలికాలం.
వాన అనడానికి లేదు, పొగమంచు అనడానికీ లేదు,
గారువా అంటారు దాన్ని.
తడిగుడ్డ పిండడం మరిచిపోయి
ఆకాశం మీద ఆరేసినట్టుంటుంది.

నా సంచిలో రక్తం చూసే చిన్న యంత్రం,
సూదులు, దూది, ఐరన్ చుక్కల సీసాలు నాలుగు,
ఒక రిజిస్టరు.
అన్నిటికన్నా బరువు దానిదే.

ఎదెల్మీరా ఇంటికి తలుపు లేదు, పరదా ఉంది.
గోడలు ప్లైవుడ్‌వి. చెమ్మకి ఉబ్బి
పొరలు పొరలుగా విచ్చుకుంటున్నాయి.
బయట నీలం డ్రమ్ము, పైన పలక, పలక మీద రాయి.
కింద ఊళ్ళో పచ్చిక తాగే నీళ్ళకన్నా
ఇక్కడ పిల్లలు తాగే నీళ్ళు ఖరీదు.
లారీవాడు హారన్ కొడితే
జ్వరంతో ఉన్నా లేవాల్సిందే.

యాదిర్‌కి మూడేళ్ళు. ఉంగరపు వేలు పట్టుకున్నాను.
ఏడవలేదు. చుక్క పైకొచ్చేదాకా
దాన్నే చూస్తూ నిలబడి
"మళ్ళీ ఎప్పుడిస్తావు?" అన్నాడు.

తొమ్మిది పాయింట్ ఒకటి.
మూడు నెలల కిందటా అంతే.

రిజిస్టరులో ఒక గడి ఉంది:
తల్లి మందు సరిగా ఇచ్చిందా? అవును. కాదు.
ఆఫీసులో మా పెద్దమ్మగారు ఆ గడిని చూసే మాట్లాడుతుంది.
ఈ తల్లులు ఇంతేనమ్మా, అంటుంది,
ముందు నిట్టూర్చి.

సీసా తెమ్మన్నాను.
తెచ్చింది. ఖాళీ.
నీళ్ళు పోసి తొలిపి ఆ తొలిపిన నీళ్ళు కూడా తాగించినట్టుంది,
అద్దంలా ఉంది.
"అన్నీ ఇచ్చావా?"
"ఇచ్చాను."
"రోజూ?"
నన్ను ఎగాదిగా చూసింది. నోరు విప్పలేదు.

కలం "కాదు" దగ్గరికి వెళ్ళింది.
నిజం చెప్పాలి, వెళ్ళింది.

అప్పుడు పరదా వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
ఇద్దరు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కుని
ఇద్దరూ కనిపిస్తూ.
యాదిర్ కూడా నవ్వాడు.
ముగ్గురి పళ్ళూ నల్లగా ఉన్నాయి.

ఆ నలుపు నాకు తెలుసు.
ఐరన్ చుక్కలు పాలపళ్ళ మీద వదిలే మరక అది.
రాసింది ఒక్కడికి. మరక మూడు నోళ్ళలో.

"మా అక్క పిల్లలు," అంది ఎదెల్మీరా నేలకేసి చూస్తూ.
"అక్క పోయాక వాంకవెలికా నుంచి వచ్చారు.
పిల్లలు వచ్చారు, కాగితాలు రాలేదు.
కాగితం లేనివాళ్ళకి సీసా లేదన్నారు.
ఒక్కడికి పోస్తుంటే
మిగతా ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడేవాళ్ళు.
ఏం చెయ్యమంటావు?"

ఏమీ చెయ్యమనలేదు.
చదువుకున్న చదువులో
మూడో వంతు మోతాదు గురించి పాఠం లేదు.
మైకోల్ వేలు పట్టుకున్నాను, తర్వాత నయేలి వేలు.
ఎనిమిది పాయింట్ నాలుగు. ఏడు పాయింట్ తొమ్మిది.
గీతకీ గీతకీ మధ్య సందులో
పెన్సిల్‌తో రెండు పేర్లు రాశాను.
సన్నగా రాస్తే పట్టాయి.
"అవును" మీద టిక్కు పెట్టాను,
కాగితం అవతలివైపు తేలేంత గట్టిగా.

మూడు సీసాలు బల్ల మీద పెట్టాను.
సంచిలో ఒకటి మిగిలింది.
పైన ఇంకా ఎనిమిది ఇళ్ళున్నాయి.

పరదా తీస్తుంటే యాదిర్ అడ్డంగా వచ్చి
వేలు చూపించాడు.
"బాకీ ఉన్నాను," అన్నాను.
"ఎంత?" అన్నాడు.