చేబదులు

ఇరవై ఏడు కిలోల రెండు వందల గ్రాములు.
అంతకు మించి ఒక్క గ్రాము తూగినా
స్వాన్సీ క్రీడామందిరంలో ఆ కాటా
మన మొహం చూసి జాలిపడదు.
మా ముళ్ళపంది
నూట నలభై గ్రాములు ఎక్కువ తూగింది.

డ్రైనోగ్ అని పేరు పెట్టింది గెథిన్.
వెల్ష్‌లో ముళ్ళపంది అన్నమాట.
నిజానికి ముళ్ళు రెండే,
ముందున్న డోలు మీద, గట్టి ఉక్కువి.
నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగేటప్పుడు
రెండో రెండొందలో లెక్కపెట్టేందుకు
ఎదుటివాడు నిలబడడు కదా.

పగలు నాది బస్సు డిపోలో పని.
గోళ్ళ కింది డీజిలు కడుక్కోకుండానే
ఎనిమిది నెలల రాత్రులు దీని ముందు కూర్చున్నాను.
పక్కలకు పాలిథిన్ పలకలు వేశాను.
దెబ్బకు దెబ్బ తీయవవి,
మింగి, సొట్టపడి, ఊరుకుంటాయి,
మేనేజరు ముందు నాలాగే.

కాటా దగ్గర నించి టేబులు దగ్గరికి,
టేబులు దగ్గర నించి డ్రిల్లు దగ్గరికి.
పొట్టకింది అల్యూమినియం రేకుకి
పౌండు బిళ్ళంత చిల్లులు పద్దెనిమిది. తొంభై ఆరు గ్రాములు.
మూత మరల్లో సగం పీకేశాను. ఇరవై ఎనిమిది.
అవి మరలు కావు,
ఊడుతుందేమో ఊడుతుందేమో అని
అర్ధరాత్రుళ్ళు నేను బిగించుకున్న భయాలు.
స్టిక్కర్లు గీకితే మూడు.
ఆఖరికి మూత మీది రబ్బరు ముళ్ళపందిని
గెథిన్ తనే ఊడదీసి జేబులో వేసుకున్నాడు,
నా వైపు చూడకుండా.

మొదటి పోరు నలభై సెకన్లు.
బ్రిస్టల్ వాళ్ళ ఎత్తుడుబల్ల
గాల్లో ఒక్క పల్టీ కొట్టి
చక్రాలు ఆకాశానికి పెట్టింది.
రెండోది మూడు నిమిషాలూ సాగింది.
జడ్జీలు మా వైపే చేతులెత్తారు గానీ
డోలు మాత్రం గరగరలాడి ఆగిపోయింది.
విప్పి చూస్తే బేరింగు
నమిలిన చెరుకు పిప్పి.

మారుద్దామంటే రెండోది తేలేదు.
ఉన్నది ఇరవై అయిదు నిమిషాలు.
ఆదివారం, వాన, కొట్లన్నీ మూత.

"ఎంత సైజు?"
బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని
నెరిస్ నిలబడి ఉంది. పదిహేడేళ్ళు, నుదుటి మీద గ్రీజు,
సెమీఫైనల్లో మా ప్రత్యర్థి.
"పదిహేను. కానీ అమ్మాయ్, తర్వాతి పోరు నీతోనే."
"తెలుసు. తిరగని డోలును కొట్టడానికా
నేను రెక్సమ్ నించి ఇంత దూరం వచ్చింది?"

డబ్బాలో వెతికి తీసి, చెవి దగ్గర తిప్పి చూసి
నా అరచేతిలో పెట్టింది.
తనే టార్చి పట్టుకుంది కూడా.

తర్వాత అద్దాల గదిలో
ఆ అమ్మాయి కనికరం ఏమీ చూపలేదు.
అడ్డంగా తిరిగే దాని కత్తి
మా ఎడమ చక్రాన్ని గోడకు అంటించింది.
మా డోలు దాన్ని ఒకసారి ఎగరేసింది,
నిప్పురవ్వలు పైకప్పు లైట్లని పలకరించి వచ్చాయి,
గెథిన్ అరుపు నాకు ఇవాళ్టికీ వినిపిస్తుంది.
మళ్ళీ వచ్చింది. ఈసారి కిందనించి.
పొట్టకింది రేకు
తపాలా బిళ్ళ చించినట్టు
చిల్లుల వెంబడి నీటుగా చిరిగింది.
పద్దెనిమిదీ నేను వేసినవే.

పది లెక్కపెట్టారు.
వెల్లకిలా పడి, పేగులు బయటపడి,
కదల్లేని మా ముళ్ళపందిలో
డోలు ఒక్కటీ తిరుగుతూనే ఉంది,
చప్పుడు లేకుండా, నున్నగా,
నెరిస్ బేరింగు మీద.

విప్పి, తుడిచి, తీసుకెళ్ళి ఇచ్చాను.
ఇంకా వేడిగా ఉంది.
మళ్ళీ చెవి దగ్గర తిప్పి వింది.
"ఇంకో పోరుకి వస్తుంది. ఉంచండి.
వచ్చే ఏడు ఇద్దురు గాని."

రాత్రి గ్యారేజీలో,
ముక్కలన్నీ ఏరి తెచ్చామనుకుని
అలవాటు కొద్దీ కాటా మీద పెట్టాం.
ఇరవై ఆరు కిలోల తొమ్మిది వందలు.
"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు గెథిన్,
రబ్బరు బొమ్మని మళ్ళీ మూత మీద అంటిస్తూ.

బేరింగు నా కోటు జేబులో ఉంది.
దాన్ని తూకంలో వేయలేదు.